మూడ్‌కి తగ్గ సెంటు ఎలా ఎంచుకోవాలి: బరంపురం ఉక్కపోతలో నేర్చుకున్న సంగతులు

మా మేడ మీద అద్దెకుంటున్న అమ్మాయి, టెక్కలి వైపు పిల్ల, మొన్న రాత్రి కిందకొచ్చి "అక్కా, రేపు భువనేశ్వర్‌లో ఇంటర్వ్యూ ఉంది, నీ దగ్గర మంచి సెంటు ఏదైనా ఉంటే పొద్దున్నే కొంచెం కొట్టవా" అంది. మంచి సెంటంటే ఏటి అని అడిగా. ఖరీదైందా, సాయంత్రం దాకా ఉండేదా, పక్కోళ్ళు తిరిగి చూసేదా? అవన్నీ కాదు, ఏ వాసనొస్తే నీకు గుండె దడ తగ్గుతాది చెప్పు అన్నా. కాసేపు ఆలోచించి, నవ్వకూడదు మరి అని ముందే మాట తీసుకుని, "అమృతాంజనం" అంది. జ్వరమొస్తే వాళ్ళ అమ్మమ్మ నుదుటికి రాసేదట, ఆ చెయ్యి వాసనట.

నేను నవ్వలేదు. మూడ్‌ని బట్టి సెంటు ఎంచుకోవడం ఎలాగ అని నన్ను చాలామంది అడుగుతుంటారు గానీ ఇంత సూటిగా జవాబిచ్చింది ఈ పిల్లొక్కర్తే. ఇంటర్వ్యూకి అమృతాంజనం పట్టించుకుని వెళ్ళమని కాదు లెండి, అక్కడి నుంచి మొదలుపెట్టాలని. మనం మొదలుపెట్టేది ఎక్కడ? యాడ్‌లో హీరో దగ్గర, లేదంటే "గులాబీ అంటే ప్రేమ, లావెండర్ అంటే ప్రశాంతత" అని రాసే పట్టికల దగ్గర. ఆ పట్టిక మీ ముక్కుని చూసి రాసింది కాదు కదా.

కాస్త సైన్స్ చెప్పి అసలు పనిలోకి దిగుతా. కంటితో చూసింది, చెవితో విన్నది మెదడులో ముందు థాలమస్ అనే చోట ఆగి అప్పుడు ముందుకెళ్తాయి, మనం హైదరాబాద్ ఎక్కితే బండి విశాఖలో ఆగి ఇంజన్ అటు నుంచి ఇటు మార్చుకున్నట్టు. వాసనకి ఆ హాల్ట్ లేదు, ముక్కు పైనున్న ఆల్ఫ్యాక్టరీ బల్బ్ నుంచి సరాసరి భావాలు చూసుకునే అమిగ్డాలాకి, జ్ఞాపకాలు చూసుకునే హిప్పోక్యాంపస్ వైపుకి వెళ్ళిపోద్ది. అందుకే వాసన పేరు గుర్తు రాకముందే కళ్ళల్లో నీళ్ళొచ్చేస్తాయి. ముక్కులో ఈ వాసన పట్టే రిసెప్టర్ల జన్యువుల్ని కనిపెట్టినందుకే లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ అనే ఇద్దరికి 2004లో నోబెల్ ఇచ్చారు, మనుషుల్లో పనిచేసేవి సుమారు 400 రకాలు.

ఇంకో సంగతి ఉంది. అమృతాంజనంలో ఉండే వింటర్‌గ్రీన్ వాసన, అదే మిథైల్ సాలిసిలేట్, 1960ల్లో బ్రిటన్ వాళ్ళని అడిగితే మాకు నచ్చదన్నారు, 1970ల్లో అమెరికా వాళ్ళని అడిగితే భలే ఉందన్నారు. ఒకళ్ళకి అది నొప్పుల మందు, ఇంకొకళ్ళకి చూయింగ్‌గమ్. వాసన ఒకటే. మరి ఆ పిల్లకి అది అమ్మమ్మ చెయ్యి. దీన్నిబట్టి మీరే చూసుకోండి, పక్కవాళ్ళ లిస్టు మీకెంత పనికొస్తుందో.

ముందు ఒక వారం ముక్కుని రాసుకోండి

ఇది మొదటి పని, దీనికి పైసా ఖర్చు లేదు. ఫోన్‌లోనో పాత డైరీలోనో రోజుకి రెండు మూడు వాసనలు రాయండి, పక్కనే అది వచ్చినప్పుడు ఏం గుర్తొచ్చింది, ఒళ్ళు ఎలాగనిపించింది రాయండి. బాగుంది బాలేదు అని రాస్తే కుదరదు. నా డైరీలోంచి ఒకటి చెప్తా. ఫినాయిల్ వాసన, అందులో పైన్ నూనె ఘాటు వస్తే నాకు మెడ బిగుసుకుపోతుంది. ఎందుకో చాలాకాలం తెలీలేదు, రాసుకుంటూ పోతే తేలింది, 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది కదా, ఆ తర్వాత కరెంటు లేని రోజుల్లో తడిసిన గోడలు, కుళ్ళిన ఆకులు, ఆ కంపు పోవడానికి ఇంటినిండా బకెట్లకి బకెట్లు ఫినాయిల్. ఇప్పుడు షాపులో ఎవరైనా "ఇది అడవిలా ఫ్రెష్‌గా ఉంటుంది మేడం" అని పైన్, సీడర్ ఉన్న సీసా తీస్తే నాకు అడవి కనపడదు, నీళ్ళు కారే మా వంటింటి గోడ కనపడుద్ది. వందమందికి ఉషారు తెప్పించే సెంటు నాకు పనికిరాదని తెలిసింది, బోలెడు డబ్బులు మిగిలాయి.

తర్వాత ఒక ప్రశ్న: మూడ్‌తో నడవాలా, మూడ్‌ని తిప్పాలా

చాలామంది ఇక్కడ తప్పుతారు. సంతోషంగా ఉన్నప్పుడు ఆ సంతోషం ఇంకా కాసేపు సాగాలనుకుంటే దానికి తోడుపోయే వాసన కావాలి. చిరాగ్గా ఉన్నప్పుడు చిరాకుకి తోడుపోయేది వద్దు, దాన్ని పక్కకి లాగేది కావాలి. ఈ రెండూ ఒకే సీసా చెయ్యలేదు. కాబట్టి సెంటు కొనేటప్పుడు "నాకు ఏ మూడ్‌కి" అని మాత్రమే కాకుండా "ఆ మూడ్‌ని ఏం చెయ్యడానికి" అని కూడా అడుక్కోండి.

షాపుకెళ్ళేటప్పుడు

కడుపునిండా తిని వెళ్ళొద్దు, జలుబుతో అసలే వెళ్ళొద్దు, ఒంటికి వేరే సెంటు గానీ బాడీ స్ప్రే గానీ లేకుండా వెళ్ళండి. ఒక్క రోజులో మూడు చూస్తే చాలు, నాలుగోదానికి ముక్కు మొద్దుబారుతుంది. షాపువాళ్ళు మధ్యలో కాఫీ గింజలు చూపిస్తారు, దాని కన్నా మీ మోచేతి మడత దగ్గర మీ సొంత ఒంటి వాసన పీల్చడం, ఓసారి బయటికొచ్చి గాలి పీల్చుకోవడం మేలు.

సెంటులో మూడు అంతస్తులుంటాయి. కొట్టగానే వచ్చేది పై నోట్, నిమ్మ పుదీనా లాంటివి, పావుగంటలో ఎగిరిపోతాయి. తర్వాత మధ్య నోట్, ఎక్కువగా పూలు, రెండు మూడు గంటలు. అడుగున గంధం, వట్టివేరు, కస్తూరి లాంటి బరువైనవి (ఇప్పుడు సీసాల్లో కస్తూరి అంటే దాదాపు అంతా ల్యాబ్‌లో చేసిందే, జింకది కాదు, భయపడకండి). షాపులో అయిదు నిమిషాల్లో మనం కొనేది పై నోట్‌ని, కానీ సాయంత్రం దాకా మనతో ఉండేది అడుగు నోట్. మూడ్ మీద పనిచేసేది కూడా ఎక్కువ అదే. బడాబజార్‌లో అత్తర్లు అమ్మే ముసలాయన ఒకాయన, సగం ఒడియా సగం తెలుగు, నేను కాగితం ముక్క వాసన చూసి ఇచ్చీండి అంటే సీసా వెనక్కి తీసుకున్నాడు. "కాగితం మీద చూసి కొనీకమ్మా, కాగితానికి చెమట పట్టదు. చేతికి రాస్తాను, కూరగాయలు కొనుక్కుని రా, అప్పుడు చెప్పు." నిజంగానే గంట తిరిగొచ్చేసరికి ఆ గులాబీ అత్తరు నా చెయ్యి మీద పుల్లటి సబ్బులాగ అయిపోయింది. కొనలేదు. ఆయనేం అనుకోలేదు.

లేబుల్ మీద రాసేవి కూడా చూడండి. కొలోన్ అంటే సెంటు నూనె 2 నుంచి 4 శాతం, ఓ ద టాయ్‌లెట్ 5 నుంచి 15, ఓ ద పర్‌ఫ్యూమ్ 15 నుంచి 20 దాకా, కంపెనీని బట్టి కొంచెం అటూ ఇటూ. మన సముద్రపొడ్డు ఊళ్ళలో ఎండకీ తేమకీ వాసన రెట్టింపై లేస్తుంది, అందుకని పగలు తేలికవి, బరువైనవి సాయంత్రం దాటాక, అదీ చలికాలంలో. బరువైన ఊద్‌లు (అగరు చెక్క వాసన) వనిలాలు వైశాఖంలో మధ్యాహ్నం పూట కొట్టుకుని ఆటో ఎక్కేవాళ్ళని చూస్తే, అదే ఆటోలో ఉన్నవాళ్ళ మీద నాకు జాలేస్తుంది.

ఇక మూడ్‌ల సంగతి

కంగారు ఉన్నప్పుడు, అంటే ఇంటర్వ్యూ, పరీక్ష, పెళ్ళిచూపులు, నా ఓటు వట్టివేరుకి. ఖస్ అని అడగండి. తడిసిన వేరు వాసన, తియ్యగా ఉండదు, ఎవర్నీ మీద పడి పలకరించదు. మన వాళ్ళకి దీనితో ఒక సొంత జ్ఞాపకం ఉంటుంది, కిటికీలకి కట్టిన తడికల మీద నీళ్ళు చల్లి మధ్యాహ్నం పడుకున్న ఇళ్ళు. మేడమీది పిల్లకి నేను ఇచ్చింది ఇదే, పుదీనా కొద్దిగా కలిసిన వట్టివేరు, పుదీనాలో మెంథాల్ ఉంటుంది కాబట్టి అమృతాంజనానికి దూరపు చుట్టం అవుతుంది కదా. వాసన చూసి "అక్కా ఇది మా అమ్మమ్మ స్నానం చేసొచ్చినట్టుంది" అంది. సరిపోయింది. ఒక్క మాట, ఇంటర్వ్యూ గదులు మూసిన ఏసీ గదులు, ఒక్కసారి కొడితే చాలు, అదీ బయల్దేరడానికి గంట ముందు.

చిరాకు, ఉక్క, ఏ పనీ ముందుకెళ్ళని రోజు: నిమ్మ, నారింజ, బెర్గమాట్ (అదీ నిమ్మజాతి పండే) ఉన్న కొలోన్. కొలోన్ అన్నది ఊరు పేరే, జర్మనీలో ఆ ఊళ్ళో స్థిరపడ్డ ఫరీనా అనే ఇటలీ ఆయన మొదలుపెట్టాడు, కంపెనీ పెట్టింది 1709లో. ఆయన తన అన్నదమ్ముడికి రాసిన ఉత్తరంలో ఇది వాన వెలిసిన ఇటలీ పొద్దుటిపూటని గుర్తుకుతెస్తుందని రాసుకున్నాడు. అంటే ఆయన కూడా ముందు చెప్పింది మూడ్ పేరే. ఇది గంటలో పోతుంది, పోనివ్వండి, చిరాకు కూడా అంతకన్నా ఎక్కువ ఉండకూడదు, చిన్న సీసా బ్యాగులో ఉంచుకుని మళ్ళీ చల్లుకోండి. కాకపోతే నిమ్మజాతి నూనెలు చర్మానికి నేరుగా రాసుకుని ఎండలోకి వెళ్తే మచ్చలు పడొచ్చు, చొక్కా లోపలివైపు చల్లుకోవడం నయం.

దిగులు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఇంటి మీద బెంగైతే మందు సులువు, ఇంటి వాసన తెచ్చుకోవడమే. కన్నౌజ్‌లో మట్టి అత్తరు చేస్తారు, కాల్చిన మట్టి పెంకుల్ని ఆవిరి పట్టి ఆ ఆవిరిని గంధం నూనెలోకి దింపుతారు, తొలకరి వాన వాసనే. సూరత్‌లో పనికెళ్ళిన మా బంధువుల అబ్బాయికి ఒక చిన్న సీసా పంపితే, పూసుకోడట, రాత్రి పడుకునేముందు మూత తీసి చూసి పెట్టేస్తాడట. అలా కూడా వాడొచ్చు సెంటుని, ఒంటికే పూసుకోవాలని ఎక్కడుంది.

కానీ మనిషి పోయిన దిగులు, ఆస్పత్రి రోజుల దిగులు వేరు. ఇక్కడ నా తప్పు చెప్తా. నాన్నని ఆస్పత్రిలో పెట్టిన పదకొండు రోజులూ నాకు బాగా ఇష్టమైన మల్లె సెంటు రోజూ కొట్టుకుని వెళ్ళేదాన్ని, ఆ మందుల వాసన మీద పడకుండా ఉంటుందని. నాన్న బాగై ఇంటికొచ్చారు, ఆ సెంటు మాత్రం ఇంక నాకు పనికిరాలేదు, మూత తీస్తే చాలు వార్డు బయట బెంచీ. కాబట్టి కష్టం వచ్చిన రోజుల్లో ప్రాణమైన సెంటు వాడకండి, దాచుకోండి. అప్పుడు ఏదో ఒకటి, తర్వాత పోయినా ఫర్వాలేదనుకునేది వాడండి.

పండగ, పెళ్ళి, ఉషారు: పూల సెంట్లు. అయితే జడలో నిజం మల్లెలో మరువమో ఉంటే మళ్ళీ పూల సెంటు దేనికండి? మల్లెలో ఇండోల్ అనే పదార్థం ఉంటుంది, కొంచెం ఉంటే మత్తు, ఎక్కువైతే కంపు, మర్నాటి పొద్దున జడలో నలిగిన మల్లెదండ వాసన చూసినవాళ్ళకి తెలుసు. పూలు పెట్టుకున్న రోజు కింద గంధం ఒక చుక్క, అంతే.

నిద్ర పట్టని రాత్రికి గంధం గానీ లావెండర్ గానీ దిండు కింద దూదిలో. కోపానికి సెంటు లేదు, స్నానం చెయ్యండి.

ప్రేమ గురించి అడుగుతారని తెలుసు. అవతలి వాళ్ళ డైరీలో ఏముందో మీకు తెలీదు, మీరు కొట్టుకున్నది వాళ్ళకి లెక్కల మాస్టార్ని గుర్తుచేస్తే? ముందు అడగండి.

మన మొగలి

ఇది రాయకుండా గంజాం జిల్లా మనిషి సెంటు గురించి రాస్తే తప్పు. ఒడియాలో కియా అంటారు, హిందీలో కేవ్డా, మనకి మొగలి. ఛత్రపూర్, గంజాం, గోపాల్‌పూర్, రంగైలుండ, చికిటి వైపు పొలాల గట్లకి కంచెలాగ పెరిగే ఈ పొదలే దేశంలో కేవ్డా అత్తరుకి ప్రధాన ఆధారం, గంజాం మొగలి పువ్వుకీ, గంజాం కేవ్డా రూహ్‌కీ రెండింటికీ జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ప్రాంతం సరుకే అని ఇచ్చే గుర్తింపు, ఉంది. వాసన మగ చెట్టు పువ్వుది. ఆడ చెట్టుకి అనాసపండులాంటి కాయ కాస్తుంది, దానికి ఈ వాసన ఉండదు. వానాకాలంలో బాగా పూస్తాయి, ఎండెక్కితే వాసన ఎగిరిపోతుందని తెల్లవారుజామునే కోసేస్తారు. డేగ్ అనే రాగి పాత్రలో పూలూ నీళ్ళూ పోసి, మూత చుట్టూ మట్టి మెత్తి, కింద కట్టెల మంట పెడతారు, వెదురు గొట్టంలోంచి ఆవిరి వెళ్ళి నీళ్ళతొట్టిలో ఉన్న భప్కా అనే పాత్రలో చల్లబడుతుంది. ఆ భప్కాలో ముందే గంధం నూనె ఉంటే వచ్చేది అత్తరు, ఏ నూనే కలపకుండా తీసిన అసలు సారం రూహ్, మిగిలిన నీళ్ళు బిర్యానీలోకీ మిఠాయిల్లోకీ వెళ్ళే కేవ్డా నీళ్ళు. గంధం ఖరీదని చాలా చోట్ల ఇప్పుడు పారఫిన్ నూనె వాడేస్తున్నారు, కొనేటప్పుడు అడుగున ఏ నూనె అని అడగండి. జాతరలో యాభై రూపాయల సీసాలో రూహ్ ఉంటుందని మాత్రం అనుకోవద్దు.

మూడ్ లెక్కన మొగలి ఎక్కడ పడుతుంది? లిస్టుల్లో ప్రశాంతత అని రాస్తారు, నేను ఒప్పుకోను. మొగలి ఘాటు, తేనె మీద పచ్చి ఆకు నలిపినట్టు ఉంటుంది, లేపుతుంది గానీ పడుకోబెట్టదు. నీరసంగా, ఏదీ పట్టనట్టు ఉన్న రోజున గుండుసూది తలంత చెవి వెనక పెట్టుకోండి, వెన్ను నిటారవుతుంది. గుండుసూది తలంత అని ఊరికే అనలేదు. ఒకసారి పర్లాకిమిడి పెళ్ళికి కారులో వెళ్తూ, అత్తరే కదా అని రెండు మణికట్లకీ మెడకీ పూసుకున్నా. ఏసీ కోసం అద్దాలు బిగించారు. తప్తపాణి ఘాటీ మలుపుల్లో మా పిన్ని రెండుసార్లు కారు ఆపించింది, మూడోసారి నన్నే ముందు సీట్లోంచి వెనక్కి పంపి అద్దాలన్నీ దించేశారు. పెళ్ళిలో ఎవర్ని పలకరించినా "నువ్వేనా ఆ మొగలి" అన్నారు.

పూసుకునే పద్ధతి, జాగ్రత్తలు

కొత్తది ఏదైనా ముంజేతి లోపలివైపు ఒక చుక్క పెట్టి ఒక రోజు చూడండి, ఎర్రబడితే దురదపెడితే వదిలేయండి, సహజమైన నూనె కదా ఏం కాదులే అనుకోవద్దు, సహజమైన వాటికీ పడనివాళ్ళుంటారు. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్ళు, మైగ్రేన్ ఉన్నవాళ్ళు, చంటిపిల్లలు ఉంటే మీ మూడ్ కన్నా వాళ్ళ ఊపిరి ముందు. చెమట మీద సెంటు కొడితే రెండూ కలిసి మూడోది తయారవుతుంది, స్నానం చేసి, ఒళ్ళు పొడిబారి ఉంటే వాసనలేని క్రీమో కొబ్బరినూనో కొద్దిగా రాసి అప్పుడు. రోజూ ఒకే సెంటు వాడితే పది రోజులకి మీకే తెలీదు, ముక్కు అలవాటుపడిపోతుంది, పోయిందనుకుని ఇంకా ఇంకా కొడతారు, పక్కవాళ్ళకి తెలుస్తుంది. మార్చి మార్చి వాడండి. సీసాల్ని బాత్‌రూమ్‌లో, కిటికీ దగ్గర పెట్టకండి, వేడికీ వెలుతురుకీ పాడవుతాయి, బీరువాలో చీకట్లో ఉంచండి.

పట్టుచీరల మీద అత్తరు వద్దే వద్దు, బరంపురం పట్టు మీద నూనె మరక పడితే డ్రైక్లీనింగ్‌వాడు కూడా చేతులెత్తేస్తాడు. దానికి మా అమ్మ పద్ధతి ఉంది. వానాకాలంలో మొగలిపొత్తు బజారుకొచ్చినప్పుడు ఒకటి తెండి, ముందు గచ్చు మీద రెండుసార్లు తట్టండి, లోపల చీమలు, చిన్న పురుగులు ఉంటాయి. రేకులు ఒక్కొక్కటీ విడదీసి, అంచుల వెంబడి ఉన్న ముళ్ళని కత్తెరతో సన్నగా కత్తిరించేయండి, లేదంటే జరీ పోగుల్ని పట్టి లాగేస్తాయి. రెండు రోజులు నీడన ఆరబెట్టి, తడి లేదనుకున్నాక పల్చటి నూలుగుడ్డలో చుట్టి చీరల మధ్యన పెట్టండి, చీరకి నేరుగా తగలకూడదు. అమ్మ ఆ గుడ్డకి తన పాత తెల్ల జాకెట్టు ముక్క వాడేది. వాసన మెల్లగా తగ్గుతూ వచ్చి మళ్ళీ వానాకాలానికి ఎండు గడ్డి వాసనైపోతుంది, అప్పుడు తీసి కొత్తవి పెట్టుకోండి.